ప్లగ్గు పీకే దేశభక్తి

ఏటా డిసెంబర్ 14న దేశంలో కరెంటు మీద భక్తి పొంగిపొర్లుతుంది. ఆ రోజు జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం. పట్టపగలు పన్నెండింటికి, కిటికీలన్నీ బిడాయించి తెరలు దించిన హాల్లో, లైట్లన్నీ వేసి, ఏసీలన్నీ పెట్టి జ్యోతి ప్రజ్వలన చేస్తారు. గాలికి వత్తి అంటుకోవడం లేదని వేదిక పక్కనున్న ఏసీ కాసేపు ఆపుతారు. ఆ రోజంతటిలో అక్కడ జరిగే అసలైన పొదుపు అదొక్కటే. తర్వాత ముఖ్య అతిథి మైకు అందుకుని దేశ ఇంధన భద్రతను తీసుకెళ్లి ఇల్లాలి చేతిలో పెడతారు. "ఫోను ఛార్జింగ్ అయిపోగానే ప్లగ్గు పీకేయాలమ్మా! మీరు పీకే ప్రతి ప్లగ్గూ దేశానికో వెలుగు!" చప్పట్లు, శాలువా, మొమెంటో. బయట ఎండలో స్కూలు పిల్లలు ప్లకార్డులు పట్టుకుని నిలబడి ఉంటారు. వాటి మీదా ఆ ప్లగ్గు బొమ్మే.

ఆ పిల్లల్లో ఒక్కరు లేచి గుణకారం చేసినా సభ అక్కడికక్కడే ముగిసిపోయేది. పేరున్న కంపెనీ ఫోన్ ఛార్జర్ ఈ రోజుల్లో ఖాళీగా సాకెట్‌లో వేలాడుతున్నప్పుడు వాట్‌లో పదో వంతు మించి లాగదు. రాత్రీ పగలూ, పండగా పబ్బమూ, ఏడాదికి 8,760 గంటలూ దాన్ని పీకకుండా వదిలేశారే అనుకోండి. 0.876 యూనిట్ అవుతుంది. యూనిట్ కూడా నిండదు. ముఖ్య అతిథి గంటసేపు ప్రసంగిస్తే, ఆయన నెత్తిమీదున్న ఒక్క ఏసీయే దాన్ని దాటేస్తుంది. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రం చెప్పిన డేవిడ్ మెకే 2008లో వెలువడిన తన పుస్తకంలో ఇలాంటి లెక్కే తేల్చాడు. ఛార్జర్‌ని రోజంతా పీకి ఉంచితే మిగిలే శక్తి, కారు ఒక్క సెకను నడిపితే ఖర్చయిపోతుందట. ముఖ్య అతిథి కారు అప్పటికి ముప్పావుగంటగా పోర్టికోలో ఇంజన్ ఆపకుండా, లోపల చల్లబడుతూ, ఆయన కోసం ఎదురుచూస్తోంది.

మరి ఛార్జర్‌కి ఇంత బుద్ధి ఎప్పుడొచ్చింది? ఎవరి ఉపన్యాసం విని మారింది? ఎవరిదీ వినలేదు. దాన్ని చేసేవాడి మీద చట్టం చేశారు, మారింది. మన దగ్గర కాదు లెండి, కంగారుపడకండి.

పాత అడాప్టర్ గుర్తుందా? టేప్ రికార్డర్‌తోనో కార్డ్‌లెస్ ఫోనుతోనో వచ్చేది, నల్లటి ఇటుక ముక్కలాంటిది. లోపల ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మర్, దానికి చుట్టిన రాగి తీగ. బరువుకి సాకెట్‌లోంచి ముందుకు వాలిపోయేది. చెవి ఆనిస్తే గుయ్‌మనేది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. ఆ వెచ్చదనం ఊరికే వచ్చింది కాదు, లోపలికి పోయిన కరెంటులో దగ్గర దగ్గర సగం అలా వేడైపోయేది. అవతల ఏ పరికరమూ తగిలించకపోయినా ఒక వాట్టో రెండు వాట్లో తింటూ కూర్చునేది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన అలన్ మేయర్ ఇలా ఊరికే పోయే కరెంటుకి లెక్కలు కట్టి, వాటిని అందరి ముందూ పెట్టాడు. 2001లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్, చమురు వ్యాపారంలోంచి వచ్చిన మనిషి, పర్యావరణవాదులకు అసలు గిట్టని మనిషి, ఆయన కూడా వీటిని రక్తపిశాచాలని తిట్టాడు. తిట్టి ఊరుకోలేదు. ఆ ఏడాది జూలైలో ప్రభుత్వ శాఖలు కొనే పరికరాలు స్టాండ్‌బైలో ఒక వాట్ మించి తాగకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. అమెరికా ఇల్లాళ్లని ప్లగ్గులు పీకమనలేదు, తన గుమాస్తాలకి ఏం కొనాలో చెప్పాడు. బుష్‌ని మెచ్చుకోవాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

2004లో కాలిఫోర్నియా ఇంధన కమిషన్ అడాప్టర్లకు ప్రమాణం పెట్టింది. 2007లో అమెరికా కాంగ్రెస్ దేశం మొత్తానికీ చట్టం చేసింది. 2008 జూలై 1 నుంచి ఖాళీగా ఉన్న అడాప్టర్ అర వాట్ మించి లాగకూడదన్నారు. 2016 ఫిబ్రవరి 10 నుంచి, 49 వాట్ల దాకా ఉండే మామూలు అడాప్టర్లకు ఆ అర వాట్‌ని 0.1 వాట్‌కి దించారు. ఐరోపావాళ్లు 2009లో తమ నియమం రాసుకుని, 2020 ఏప్రిల్ 1 నాటికి అదే అంకె దగ్గరికి వచ్చి చేరారు. కంపెనీలు ఆకాశం విరిగి నెత్తిన పడ్డట్టు గోల పెట్టాల్సిన పని కూడా లేకపోయింది. ఎందుకంటే 2008 నవంబర్‌లోనే నోకియా, శామ్‌సంగ్, మోటరోలా, ఎల్‌జీ, సోనీ ఎరిక్సన్ కలిసి తమ ఛార్జర్లకు తామే నక్షత్రాలు ఇచ్చుకునే పద్ధతి పెట్టుకున్నాయి. ఖాళీగా ఉన్నప్పుడు 0.03 వాట్ మించకపోతే ఐదు నక్షత్రాలు. అంటే 0.1 చేయడం రాక ఆగినవాళ్లు కాదు, ఎవరూ అడగక ఆగినవాళ్లు.

ఈ అమెరికా నియమంలో నాకు తెగ నచ్చింది ఒకటుంది. 49 వాట్ల లోపు అడాప్టర్ ఎంత సామర్థ్యంతో పనిచేయాలో చెప్పే సూత్రంలో లాగ్ ఉంటుంది. ఇంటర్‌లో మనల్ని ఏడిపించిన ఆ సహజ సంవర్గమానమే. వాట్లకి లాగ్ కట్టి, 0.071తో గుణించి, కొంచెం తీసివేసి, 0.67 కలిపితే వచ్చేదే పాస్ మార్కు. 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టర్‌కి అది దాదాపు 83 శాతం. 65 వాట్ల ల్యాప్‌టాప్ అడాప్టర్‌కి లాగ్ కూడా అక్కర్లేదు, నేరుగా 88 శాతం. మన చట్టాల్లో "తగు చర్యలు" ఉంటాయి, "సముచిత కాలవ్యవధి" ఉంటుంది, "సంబంధిత అధికారి విచక్షణ మేరకు" ఉంటుంది. లాగ్ ఉన్న చట్టంలో విచక్షణకి కుర్చీ వేయడానికి చోటుండదు. మన దగ్గర ఇలాంటిది రాకపోవడానికి అదే కారణమేమోనని నాకో అనుమానం.

అలాగని అమెరికా చట్టం గంగిగోవేమీ కాదు, దానికీ లొసుగులున్నాయి. పరికరాన్ని నేరుగా నడిపే అడాప్టర్ అయితే 2016 నాటి ప్రమాణం, అంటే ఆరో స్థాయి, అందుకోవాలి. పరికరాన్ని నడపలేక, లోపలి బ్యాటరీని మాత్రమే నింపేదైతే 2008 నాటి పాత నాలుగో స్థాయి చాలు. ఏది నడపడం, ఏది నింపడం అని తేల్చడానికి మళ్లీ ఒక పరీక్ష. ఇంత సన్నటి గీత గీసినవాడు కచ్చితంగా వకీలే అయి ఉంటాడు.

సరే, ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఒకసారి వైఫై రూటర్ అడాప్టర్ తీసి, కళ్లజోడు తుడుచుకుని, దాని వీపు మీద అక్షరాలు చదవండి. చతురస్రం లోపల చతురస్రం ఉంటుంది, అది రెండు పొరల ఇన్సులేషన్‌కి గుర్తు. ఇల్లు బొమ్మ ఉంటుంది, దాన్ని ఆరుబయట వాడొద్దని. కొట్టేసిన చెత్తడబ్బా ఉంటుంది, మామూలు చెత్తలో కలపొద్దని. అలా వేరుగా తీసుకోవడానికి మన వీధిలోకి వచ్చేవాడు పాత ఇనుము, పాత పేపర్ల వాడొక్కడే, అది వేరే కథ. ఒక పక్క 'ఆర్' అక్షరం, దాని వెంట ఎనిమిది అంకెలు, ఐఎస్ 13252 అని ఉంటుంది. అది మన బీఐఎస్, అంటే భారతీయ ప్రమాణాల సంస్థ, నమోదు. ఇంకో మూల, చీమ తల కన్నా కాస్త పెద్దగా, రోమన్ అంకెల్లో ఆరు (VI) ఉంటుంది. దాన్ని సిమ్‌కార్డు కంపెనీ పేరనుకునేవాళ్లున్నారు. కాదు, ఇందాక చెప్పుకున్న ఆరో స్థాయి అదే.

ఇక్కడే ఉంది అసలు తమాషా. మన బీఐఎస్ నమోదు 2012 నాటి ఉత్తర్వుతో తప్పనిసరి అయింది. అది చూసేదల్లా అడాప్టర్ షాక్ కొట్టకుండా, తగలబడకుండా ఉంటుందా అని. అంటే మనిషి చావడని పూచీ. మంచిదే, కాదనను. కానీ ఆ అడాప్టర్ కరెంటుని ఎంత దండగ చేస్తుందో అది అడగదు. అడగాల్సిన ఇంకో సంస్థ ఉంది, ఇంధన సామర్థ్య సంస్థ, అదే బీఈఈ. 2002 మార్చి 1న పుట్టింది. ఫ్రిజ్‌కి నక్షత్రాలిచ్చింది, ఏసీకిచ్చింది, టీవీకిచ్చింది, గీజర్‌కిచ్చింది, 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్‌కి కూడా తప్పనిసరి చేసింది. అడాప్టర్ దగ్గరికి వచ్చేసరికి ఆకాశంలో చుక్కలైపోయాయి. కాబట్టి మన ఇంట్లో మనం బతికుంటామన్న హామీ ఢిల్లీ ఇస్తుంది, మన బిల్లు బతికుంటుందన్న హామీ వాషింగ్టన్ ఇస్తుంది. కంపెనీవాడు అమెరికాకి ఒక ఛార్జర్, అమలాపురానికి ఒక ఛార్జర్ అని రెండు రకాలు చేయడం దండగనుకుని ఒకటే చేస్తున్నాడు గనక మనకీ ఆ ఆరు అంకె దక్కింది. ఓటు మనం వేయలేదు, చర్చ మనం చేయలేదు, లాగ్ మనం కట్టలేదు, ఫలం మాత్రం మన గోడకి కాసింది. రేపు అక్కడ ఇంకొకాయన వచ్చి ఆ నియమం ఎత్తేస్తే మనం ఎవరికి అర్జీ పెట్టుకోవాలి?

పైగా ఆ ఫలం కూడా బ్రాండు కొనగలిగినవాడికే. మిగతావాళ్లం హైదరాబాద్‌లో అయితే కోఠికి పోతాం, విజయవాడలో అయితే గవర్నర్‌పేటకి పోతాం. అక్కడ జరిగే సంభాషణ ఇంచుమించు ఇలా ఉంటుంది.

"అన్నా, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ కాలిపోయింది. పన్నెండు వోల్టులది కావాలి."

"ఒక యాంపా, రెండు యాంపులా?"

"ఒకటి చాలన్నా. ఎంత?"

"నూటేభై. రెండు యాంపులదైనా నూటేభైయే. అదే తీస్కపో."

రెండూ చెరో చేతిలో పెట్టుకుని చూస్తే ఒకటే సైజు, ఒకటే బరువు, ఒకటే అచ్చు.

"రెంటికీ తేడా ఏంటన్నా?"

"స్టిక్కర్."

ఆయన అబద్ధం ఆడలేదు. ఆ గల్లీలో నాకు దొరికిన ఒకే ఒక్క సాంకేతిక సత్యం అది. రోమన్ ఆరు ఉందా అని అడిగితే, "ఏ నంబర్ కావాల్నో చెప్పు, లేకుంటే వేపిస్త" అన్నాడు.

ఇప్పుడు ముఖ్య అతిథి వేయని లెక్క మనం వేద్దాం. సెట్‌టాప్ బాక్సో, రూటరో, సీసీ కెమెరా డబ్బానో 8 వాట్లు వాడుతోందనుకోండి. అడాప్టర్ సామర్థ్యం 83 శాతమైతే గోడలోంచి లాగేది 9.6 వాట్లు. నూటేభై రూపాయల సరుకు 65 శాతం దగ్గర మూలుగుతుంటే లాగేది 12.3 వాట్లు. తేడా సుమారు 2.7 వాట్లు. చూడ్డానికి అల్పం. కానీ రూటర్‌కి నిద్ర లేదు. సెట్‌టాప్ బాక్స్‌ని రిమోట్‌తో ఆపినా ఎర్ర దీపం పెట్టుకుని లోపల దాదాపు మెలకువగానే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఆ తేడా 23 యూనిట్లు దాటుతుంది. ముఖ్య అతిథి పీకమన్న ప్లగ్గుతో మిగిలేది యూనిట్ లోపు, ఆయన ఊసే ఎత్తని నల్ల డబ్బాతో పోయేది 23 యూనిట్లు. అలాంటి డబ్బా కోటి ఇళ్లలో ఒక్కొక్కటే ఉందనుకున్నా 23 కోట్ల యూనిట్లు గాలిని వెచ్చబెట్టడానికి పోతాయి, అదీ మే నెలలో కూడా.

నెలకి రెండు యూనిట్లేగా అని తీసిపారేయకండి. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకి 200 యూనిట్ల దాకా వాడిన తెల్లకార్డు ఇంటికి సున్నా బిల్లు వస్తుంది, గీత దాటితే మొత్తం బిల్లు కట్టాలి. 199 దగ్గర ఆగాల్సిన మీటర్‌ని 201కి నెట్టింది ఇంట్లో ఎవరని ఆ రాత్రి పెద్ద పంచాయితీ జరుగుతుంది. ఫ్యాన్ ఆపని కొడుకుని తిడతారు, ఇస్త్రీ చేసుకున్న కూతుర్ని తిడతారు. టీవీ వెనక దుమ్ములో కూర్చున్న ముద్దాయిని ఎవరూ పేరు పెట్టి పిలవరు.

చట్టం వస్తే అన్నీ చక్కబడిపోతాయని నేనూ అనను. పరీక్ష ఎక్కడుంటుందో కోచింగ్ అక్కడికి వస్తుంది. అమెరికా పద్ధతిలో అడాప్టర్‌కి నాలుగు చోట్ల మార్కులు వేస్తారు. 25, 50, 75, 100 శాతం భారం మీద నడిపి, సగటు తీస్తారు. ఖాళీగా ఉన్నప్పుడు లాగేది విడిగా చూస్తారు. మన కార్పొరేట్ కాలేజీలో ఎప్‌సెట్‌కి తోమినట్టు, డిజైన్ చేసే ఇంజనీరు ఆ నాలుగు పాయింట్ల దగ్గరే అడాప్టర్‌ని తోముతాడు. సిలబస్‌లో లేని చాప్టర్ తెరవనే తెరవడు. బతుకు మాత్రం సిలబస్ బయటే ఉంటుంది. నిండిపోయిన ల్యాప్‌టాప్, ఎవరూ వాడని వేళ రూటర్, ఇవి అడాప్టర్ మీద పదీ పదిహేను శాతం భారమే వేసి గంటలకొద్దీ కూర్చుంటాయి. ఐరోపావాళ్లు ఇది గమనించి, 2020లో అమల్లోకి వచ్చిన నియమంలో పది శాతం దగ్గర కూడా కొలిచి కాగితం మీద ప్రకటించమన్నారు. ఇంత ఉండాలని మాత్రం అనలేదు. మార్కులు గోడ మీద అంటించండి చాలు, తప్పినా పై క్లాసుకి పంపిస్తాం అన్నట్టు.

ల్యాబ్‌కి పంపే నమూనా సంగతి సరేసరి. పెళ్లిచూపుల్లో కూర్చునేది ఒకరు, పీటల మీదికి వచ్చేది ఇంకొకరు. నమూనాలో మంచి కెపాసిటర్, మంచి కోర్, నిండుగా చుట్టిన తీగ ఉంటాయి. సర్టిఫికెట్ చేతికొచ్చాక లక్ష డబ్బాల ఆర్డర్‌లో పావలా ఇక్కడ, అర్ధరూపాయి అక్కడ గీకేస్తే లాభం ఎంతో వాణిజ్యం చదవనివాడికైనా తెలుస్తుంది. అందుకే చట్టం అన్నది కాగితం మీదే ఆగితే అదీ ఇంకో స్టిక్కరే అవుతుంది.

ఈ మాట ఎత్తగానే ఒక వాదన తయారుగా ఉంటుంది, చిన్న పరిశ్రమలు చచ్చిపోతాయని. చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరులో, ఢిల్లీ పక్కన నోయిడాలో మనవాళ్లే ఛార్జర్లు చేస్తున్నారు. ఐరోపా గడప తొక్కాలంటే ఏ ఛార్జరైనా అక్కడి ప్రమాణం అందుకోవాల్సిందే. పరాయి ఇంటికి చేయడం వచ్చిన చేతికి సొంత ఇంటికి చేయడం రాదా? ధర పెరుగుతుందంటారా, ఏడాదికి 23 యూనిట్లు కట్టేవాడు ఆ ధరని వాయిదాల్లో ఎప్పట్నుంచో కడుతూనే ఉన్నాడు. రసీదులో ఆ పద్దు కనపడదు, అంతే తేడా.

ఇంకో పుణ్యకార్యం కూడా జరిగింది. 2020 అక్టోబర్‌లో ఆపిల్ పర్యావరణం పేరు చెప్పి ఐఫోన్ పెట్టెలోంచి ఛార్జర్ తీసేసింది. మిగతావాళ్లలో చాలామంది ముందు వెక్కిరించి, తర్వాత తామూ తీసేశారు. అందరి ఇళ్లలో పాత ఛార్జర్లు మూలుగుతున్నాయి, కొత్తదెందుకు అన్నది వాదన. నిజమే, మూలుగుతున్నాయి, కానీ పిన్ కలవదు, కలిసినా ఫోను మెల్లగా ఎక్కుతుంది. దాంతో లక్ష రూపాయల ఫోను కొన్న పెద్దమనిషి తిన్నగా గల్లీకి వెళ్లి నూటేభై డబ్బా తెచ్చుకుంటాడు. పెట్టెలో ఉన్నప్పుడు దాని వీపు మీద కనీసం రోమన్ ఆరు ఉండేది. భూగోళాన్ని కాపాడే పనిలో దాన్నీ పోగొట్టుకున్నాం.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, బీఈఈ దొరలారా, బీఐఎస్ ప్రభువులారా, కమిటీ వేయకండి. అధ్యయన యాత్రకి బ్రస్సెల్స్ వెళ్లకండి. లాగ్ వాళ్లు కట్టేశారు, సూత్రం అందరికీ అందుబాటులో ఉంది, ఎత్తి రాసుకుంటే సిగ్గేమీ లేదు. 'ఆర్' నంబర్ ఇచ్చేచోటే ఇంకో రెండు అంకెలు అడగండి. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత లాగుతుంది, భారం మీద సగటు సామర్థ్యం ఎంత, ఈ రెండే. పది శాతం దగ్గర కూడా అడిగితే మరీ మంచిది. అంకె అందుకోని సరుకుని దిగుమతి దగ్గరే ఆపండి, ఇక్కడ చేసింది అయితే కర్మాగారం గేటు దగ్గర ఆపండి. పరీక్షకి నమూనా కంపెనీ పంపిన పెట్టెలోంచి తీసుకోకండి. మామూలు చొక్కా వేసుకుని కోఠికి వెళ్లి, డబ్బులిచ్చి కొనుక్కుని రండి. తప్పినవాటి పేర్లు పేపర్లో వేయించండి. కొన్నప్పుడు బిల్లు మాత్రం గట్టిగా అడిగి తీసుకోండి. అక్కడ అడగందే ఇవ్వరు.